ఓట్ల తర్వాత లెక్కలు: ఇండోనేషియాలో విదేశీ సాయం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది

ఇండోనేషియాలోని జావా దీవిలో 2003, 2004 సంవత్సరాల్లో కొందరు ఇంజనీర్లు ఊరూరా తిరుగుతూ కొత్తగా వేసిన రోడ్లను అక్కడక్కడా తవ్వి చూశారు. కింద ఎంత రాయి పడింది, ఎంత ఇసుక, ఎంత కంకర పడింది అని కొలిచారు. చుట్టుపక్కల షాపుల్లో సరుకు రేట్లు కనుక్కున్నారు. పనికి వచ్చిన వాళ్లను కలిసి కూలీ ఎంత ముట్టిందో అడిగారు. తర్వాత ఊరి కమిటీ రాసిన బిల్లులు పక్కన పెట్టుకుని తేడా తీశారు.

ఈ రోడ్లన్నీ ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ఒక ప్రభుత్వ పథకం కింద వేసినవి. ఎన్నికలు జరిగి, కొత్త ప్రభుత్వం వచ్చాక, ప్రజల డబ్బు ప్రజలకే చేరేలా చూడటం ఎలా అన్న ప్రశ్నకు జవాబు వెతికే పథకం అది. బయటి దేశాలు, అంతర్జాతీయ సంస్థలు ప్రజాస్వామ్యానికి చేసే సాయంలో ఎన్నికల భాగం గురించి వార్తల్లో తరచూ చదువుతాం. ఆ తర్వాతి భాగం గురించి తక్కువ. ప్రపంచంలో ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటైన ఇండోనేషియా అనుభవం ఆధారంగా ఆ రెండో భాగాన్ని ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ఎన్నికల సాయం వేరు, పాలన సాయం వేరు

ఒక దేశంలో నియంత దిగిపోయి మొదటిసారి స్వేచ్ఛగా ఎన్నికలు పెడితే, బయటి నుంచి ముందుగా వచ్చేది ఎన్నికల సాయమే. ఓటర్ల జాబితా తయారీ, బ్యాలెట్ పెట్టెలు, సిబ్బందికి ట్రైనింగ్, విదేశీ పరిశీలకులు, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. దీనికి ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు దాటితే పని అయిపోయినట్టే.

రెండోది పాలనకు చేసే సాయం. ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే ఆడిట్ శాఖ, కోర్టులు, అవినీతి నిరోధక సంస్థలు, చట్టసభల కమిటీలు, స్థానిక సంస్థలు, పత్రికలు, సమాచార హక్కు, పౌర సంఘాలు, వీటిని నిలబెట్టడానికి ఇచ్చే డబ్బు, సలహా, శిక్షణ ఇందులో ఉంటాయి. దీనికి ముగింపు తేదీ ఉండదు. ఫలితం ఫొటోలో చూపించడం కూడా కష్టం.

ఈ సాయం ఇచ్చేవాళ్లు మూడు రకాలు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ), ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటి అంతర్జాతీయ సంస్థలు మొదటి రకం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్, జర్మనీ లాంటి దేశాల ప్రభుత్వాలు రెండో రకం. 1983లో అమెరికాలో పుట్టిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ, 1992లో బ్రిటన్‌లో మొదలైన వెస్ట్‌మినిస్టర్ ఫౌండేషన్ లాంటి ఫౌండేషన్లు మూడో రకం.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. ప్రపంచ బ్యాంకు తన వ్యవస్థాపక ఒప్పందం ప్రకారం ఏ దేశ రాజకీయాల్లోనూ జోక్యం చేసుకోకూడదు. అందుకే అది 'ప్రజాస్వామ్యం' అనే మాట వాడకుండా 'గవర్నెన్స్' అంటుంది. 1989లో ఆఫ్రికా మీద ఇచ్చిన నివేదికలో ఆ మాటను ముందుకు తెచ్చింది. 1996లో అప్పటి అధ్యక్షుడు జేమ్స్ వోల్ఫెన్‌సన్ అవినీతిని క్యాన్సర్‌తో పోల్చి మాట్లాడిన తర్వాతే ఆ విషయం బ్యాంకులో బాహాటంగా చర్చకు వచ్చింది.

ఇంకో తేడా కూడా ఉంది. గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు. లోన్ వడ్డీతో సహా కట్టాలి. వార్తల్లో రెండింటినీ కలిపి 'విదేశీ సాయం' అని రాసేస్తుంటారు. ప్రపంచ బ్యాంకు ఇండోనేషియాకు ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం లోనే. అంటే రోడ్డులో పడని కంకరకు కూడా ఆ దేశ ప్రజలే వాయిదాలు కట్టాలి.

1998: కుర్చీ మారింది, ఆఫీసులు మారలేదు

సుహార్తో 32 ఏళ్లు ఇండోనేషియాను ఏలారు. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చి రూపియా విలువ కుప్పకూలింది, ధరలు మండిపోయాయి, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1998 మే 21న ఆయన రాజీనామా చేశారు. 1999 జూన్ 7న జరిగిన ఎన్నికల్లో 48 పార్టీలు పోటీ చేశాయి. ఆ ఎన్నికలకు యూఎన్‌డీపీ ద్వారా చాలా దేశాలు సాయం చేశాయి. ఆ ఏడాది అక్టోబరులో నహ్దతుల్ ఉలమా నాయకుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ అధ్యక్షుడయ్యారు.

ఓటింగ్ వరకు బాగానే జరిగింది. కానీ జిల్లా ఆఫీసులో కూర్చునే అధికారి, బిల్లు పాస్ చేసే గుమస్తా, కాంట్రాక్టర్, ఊరి పెద్ద, అందరూ పాతవాళ్లే. పనుల్లో కమీషన్లు పాతవే. 1997లో ప్రపంచ బ్యాంకు జకార్తా కార్యాలయం లోపల తిరిగిన ఒక పత్రం ఆ దేశ అభివృద్ధి బడ్జెట్‌లో కనీసం 20 నుంచి 30 శాతం పక్కదారి పడుతోందని అంచనా వేసింది. ఆ పత్రం తర్వాత బయటికి పొక్కింది. ఇంత తెలిసి కూడా ఏళ్ల తరబడి సుహార్తో ప్రభుత్వానికి అప్పులెందుకు ఇచ్చారని ఇండోనేషియాలోనూ బయటా చాలామంది నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్న.

డబ్బు నేరుగా మండలానికి

1998లోనే మొదలైన ఆ పథకం పేరు కెచమతన్ అభివృద్ధి కార్యక్రమం. కెచమతన్ అంటే మన మండలం లాంటిది. దీని రూపకల్పనలో స్కాట్ గుగెన్‌హైమ్ అనే మానవశాస్త్రవేత్తది ముఖ్య పాత్ర. మధ్యలో ఉన్న ఆఫీసుల చేతులు తగ్గించి, డబ్బును నేరుగా ఊళ్ల దగ్గరికి పంపి, లెక్కలు ఊరి ముందు పెట్టాలన్నది పథకం ఆలోచన.

అది ఇలా నడిచేది. ఒక్కో కెచమతన్‌కు సాధారణంగా 50 కోట్ల నుంచి 100 కోట్ల రూపియాలు కేటాయించేవారు. ఈ సంఖ్య చూసి కంగారు పడొద్దు, మన రూపాయి ఒక్కటికి దాదాపు రెండు వందల రూపియాలు వస్తాయి. ప్రతి ఊరూ మీటింగ్ పెట్టుకుని తనకు కావలసిన పని రాసి పంపాలి. రోడ్డు, వంతెన, మంచినీళ్ల పంపు, ఏదైనా సరే. ఆడవాళ్లు విడిగా కూర్చుని తమ ప్రతిపాదన తాము ఇచ్చే ఏర్పాటు ఉండేది. అన్ని ఊళ్ల ప్రతినిధులు కెచమతన్ స్థాయిలో కలిసి, ఏ పనులకు డబ్బివ్వాలో తేల్చేవారు. ఈ కలిసి కూర్చుని తేల్చుకోవడాన్ని వాళ్లు 'ముషావరా' అంటారు. మన ఇళ్లల్లో వాడే 'మష్వరా' మాటే, అరబ్బీ నుంచి అక్కడికి అలా వెళ్లింది.

డబ్బు మూడు విడతలుగా, 40, 40, 20 శాతం చొప్పున వచ్చేది. రెండో విడత కావాలంటే మొదటి విడత లెక్కలు ఊరి సభలో చెప్పాలి. మూడో విడతకూ అంతే. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది అందరూ చూసే చోట బోర్డు మీద రాయాలి. ఫిర్యాదులు పంపడానికి ఒక పోస్టు బాక్సు ఉండేది. ప్రతి రాష్ట్రంలో స్వచ్ఛంద సంస్థలకు నిఘా పని అప్పగించారు. స్వతంత్ర జర్నలిస్టుల సంఘంతో ఒప్పందం చేసుకుని, పథకంలో తప్పులుంటే రాయమన్నారు.

2007లో ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. గ్రామీణ విభాగం ఒక్కటే 60 వేలకు పైగా ఊళ్లకు చేరింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో పాటు ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ లాంటి దేశాల గ్రాంట్లు కూడా తోడయ్యాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఇండోనేషియా సొంత బడ్జెట్ వాటా పెరుగుతూ వచ్చింది.

తవ్వి చూస్తే తేలింది

ఇన్ని కట్టుబాట్లు పెట్టాక దొంగతనం ఆగిందా? దీనికి జవాబు చెప్పింది మొదట్లో చెప్పిన ఆ తవ్వకమే. ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ తూర్పు జావా, మధ్య జావా రాష్ట్రాల్లో 608 ఊళ్లలో ఈ పరిశోధన చేశారు. అది 2007లో అచ్చయింది.

ఊళ్లను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీశారు. మామూలుగా ప్రభుత్వ ఆడిటర్లు వచ్చే అవకాశం వందలో నాలుగు వంతులే. కొన్ని ఊళ్లకు మాత్రం పని మొదలవక ముందే, 'మీ ఊరికి ఆడిట్ తప్పకుండా వస్తుంది, అందులో తేలిన విషయాలు ఊరి సభలో చదువుతారు' అని చెప్పారు. ఆడిట్ కచ్చితం కాని ఊళ్లలో బిల్లులకూ రోడ్డుకూ మధ్య తేడా 27.7 శాతం. ఆడిట్ కచ్చితమని చెప్పిన ఊళ్లలో 19.2 శాతం. అంటే దాదాపు ఎనిమిదిన్నర శాతం డబ్బు రోడ్డు మీదికి తిరిగొచ్చింది.

నేను కామర్స్ చదివే రోజుల్లో ఆడిటింగ్ సార్ పదే పదే చెప్పిన మాట, ఓచర్ ఉన్నంత మాత్రాన ఖర్చు జరిగినట్టు కాదని. ఈ పరిశోధన ఆ పాఠాన్ని కంకరలో చూపించింది. అయితే రెండో సంఖ్యను కూడా మర్చిపోవద్దు. ఆడిట్ వస్తుందని ముందే తెలిసినా దాదాపు ఐదో వంతు డబ్బు లెక్కకు రాలేదు.

ఇంకొన్ని ఊళ్లలో వేరే ఉపాయం ప్రయత్నించారు. లెక్కల మీటింగ్‌కు రమ్మని వందల మందికి ఆహ్వాన పత్రాలు పంచారు. జనం బాగానే వచ్చారు, మాట్లాడారు కూడా. కానీ మొత్తం మీద పోయే డబ్బు పెద్దగా తగ్గలేదు. కూలీ డబ్బులో మోసం తగ్గింది, సరుకులో తగ్గలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. నా కూలీ తక్కువిస్తే నాకు వెంటనే తెలుస్తుంది, సభలో లేచి అడుగుతాను. రోడ్డు కింద ఆరు లారీల బదులు నాలుగు లారీల రాయి పడితే నాకెలా తెలుస్తుంది? తెలిసినా, ఊరందరి సొమ్ము కోసం ఊరి పెద్దతో నేనొక్కణ్నీ ఎందుకు తగువు పెట్టుకోవాలి?

పేరు రాయకుండా అభిప్రాయం చెప్పే ఫారాలు కూడా పంచి చూశారు. వాడ పెద్దల చేతుల మీదుగా పంచిన చోట అవి పనిచేయలేదు. బడిపిల్లల ద్వారా ఇళ్లకు పంపిన చోట కొంత పనిచేశాయి. పెద్దలు తమకు అనుకూలమైన వాళ్లకే ఫారాలిస్తే ఫలితం అలాగే ఉంటుంది మరి.

ఒక చిక్కు కూడా బయటపడింది. ఆడిట్ వస్తుందన్న ఊళ్లలో పెద్దల బంధువులకు ఆ పనుల్లో ఉద్యోగాలు ఎక్కువగా దొరికాయి. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కున్నారన్నమాట.

పల్లె దాటి పైకి

దాతల సాయం ఊళ్లకే పరిమితం కాలేదు. 2000లో యూఎన్‌డీపీ, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి పాలనా సంస్కరణల కోసం 'కెమిత్రాన్' అనే సంస్థను మొదలుపెట్టాయి. కొన్నేళ్లకే అది ఇండోనేషియా వాళ్లు నడిపే స్వతంత్ర సంస్థగా మారింది. నహ్దతుల్ ఉలమా (1926), ముహమ్మదియా (1912) అక్కడి రెండు అతి పెద్ద ముస్లిం సంస్థలు. 1999 ఎన్నికల సమయంలో ఇవి విదేశీ ఫౌండేషన్ల సాయంతో ఓటర్ల అవగాహన పనిలో పాల్గొన్నాయి. ఆ తర్వాత అవినీతికి వ్యతిరేకంగా కూడా కలిసి పనిచేశాయి. ఆ సంస్థల బడులు, సభలు ఊరూరా ఉన్నాయి కాబట్టి, జకార్తాలో జరిగే సెమినార్లు చేరలేని చోటికి ఆ మాట చేరింది.

2002 చట్టంతో కేపీకే అనే అవినీతి నిర్మూలన కమిషన్ ఏర్పడింది. దాని శిక్షణకు, సాంకేతిక సాయానికి చాలా దేశాలు తోడ్పడ్డాయి. మంత్రులు, గవర్నర్లు, ఎంపీలు కూడా దానికి చిక్కారు. ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డుల కుంభకోణంలో పార్లమెంటు స్పీకర్‌గా చేసిన సెత్యా నోవాంతోకు 2018లో 15 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2008లో సమాచార హక్కు చట్టం కూడా వచ్చింది. మన చట్టం వచ్చిన మూడేళ్లకు అన్నమాట.

ఆ తర్వాత గాలి తిరిగింది. 2019 సెప్టెంబరులో పార్లమెంటు కేపీకే చట్టాన్ని సవరించింది. కమిషన్ మీద ఒక పర్యవేక్షణ మండలిని పెట్టి, ఉద్యోగులను ప్రభుత్వ సివిల్ సర్వీసులో కలిపేసింది. వేలాది విద్యార్థులు రోడ్డెక్కినా చట్టం ఆగలేదు. ఆ సవరణ చేసినవాళ్లంతా ఓట్లతో గెలిచిన సభ్యులే. ఇది గమనించాల్సిన విషయం. బయటి డబ్బుతో ఒక సంస్థకు కంప్యూటర్లు, శిక్షణ ఇవ్వొచ్చు. దాన్ని కాపాడే రాజకీయ బలం మాత్రం దేశం లోపలి నుంచే రావాలి.

దాతలు వెళ్లాక మిగిలింది

2014లో ఇండోనేషియా గ్రామాల చట్టం చేసింది. 2015 నుంచి కేంద్ర బడ్జెట్ నుంచే ప్రతి ఊరికీ నిధులు వెళ్తున్నాయి. మొదటి ఏడాది సుమారు 20 లక్షల కోట్ల రూపియాలు, 2019కి అది 70 లక్షల కోట్లు. ఇందులో విదేశీ పథకం లేదు, దేశం సొంత డబ్బు. ఊరి సభ, ఊరి ప్రణాళిక, లెక్కల బోర్డు అన్న అలవాట్లు చాలావరకు పాత పథకం నుంచి వచ్చినవే.

పోయినవీ ఉన్నాయి. ఊళ్ల మధ్య ప్రతిపాదనల పోటీ పోయింది. డబ్బు నేరుగా ఊరి ప్రభుత్వం ఖాతాలోకి వెళ్తుంది కాబట్టి ఊరి పెద్ద చేతిలో అధికారం పెరిగింది. నిధులు తిన్నందుకు జైలుకెళ్లిన ఊరి పెద్దలూ ఉన్నారు. అయినా పథకం ఒక చట్టంగా మారి, దాతల క్యాలెండర్ నుంచి బయటపడి నిలబడింది. పథకం మూసేసిన రోజుతో పని ఆగిపోలేదు.

మన వైపు చూస్తే

ఈ వ్యవహారం మనకు దూరమైంది కాదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు నుంచి రాష్ట్ర స్థాయి పునర్నిర్మాణ రుణం తీసుకుంది. 2001లో హైదరాబాద్‌లో బ్రిటన్ అభివృద్ధి శాఖ డీఎఫ్‌ఐడీ, ప్రపంచ బ్యాంకు సహకారంతో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ మొదలైంది. అది ఇప్పటికీ తెలంగాణలో పనిచేస్తోంది.

అయితే ఊళ్లో లెక్కలు చదివే పద్ధతి మనకు విదేశాల నుంచి రాలేదు. రాజస్థాన్‌లో 1990ల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జన సున్వాయీలు పెట్టి, మస్టర్ రోళ్లు ఊరి ముందు చదివింది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి దాన్ని పెద్ద ఎత్తున చేసి, 2009లో ప్రత్యేక సొసైటీని పెట్టింది.

ఇండియా సాయం పుచ్చుకునే దేశమే కాదు, ఇచ్చే దేశం కూడా. 2005లో ఏర్పడిన ఐక్యరాజ్య సమితి ప్రజాస్వామ్య నిధికి ఎక్కువ విరాళాలిచ్చిన దేశాల్లో మనదీ ఒకటి. 1995లో స్టాక్‌హోమ్ కేంద్రంగా మొదలైన ఇంటర్నేషనల్ ఐడియాలో ఇండియా వ్యవస్థాపక సభ్యదేశం.

మన సంఘాలు, ట్రస్టులు నడిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ 2010 చట్టం వర్తిస్తుంది. పార్టీలు, ఎన్నికల అభ్యర్థులు, వార్తాపత్రికల విలేఖరులు, ప్రభుత్వ ఉద్యోగులు విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. తీసుకున్న డబ్బును ఇంకో సంస్థకు మళ్లించకూడదు.

ఇప్పుడెందుకు ఈ చర్చ

2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపింది. జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ విడి సంస్థగా పనిచేయడం మానేసి, మిగిలిన పనులు విదేశాంగ శాఖలోకి వెళ్లాయి. బ్రిటన్ 2027 నాటికి తన జాతీయాదాయంలో సాయం వాటాను 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తానని ప్రకటించింది. చాలా దేశాల్లో పత్రికలకు, న్యాయ సహాయ కేంద్రాలకు, ఎన్నికల నిఘా సంఘాలకు వచ్చే డబ్బు ఒక్కసారిగా ఆగిపోయింది. చట్టంలో, సొంత బడ్జెట్‌లో చోటు దొరికిన పనులు నడుస్తాయి. ప్రాజెక్టు మీదే బతికిన పనులు తాళం వేసుకుంటాయి.

డబ్బు వాషింగ్టన్ నుంచి వచ్చినా, హైదరాబాద్ నుంచి వచ్చినా, మన మొహల్లా చందా అయినా, అడగాల్సిన ప్రశ్నలు ఇవే:

- ఇది గ్రాంటా, లోనా? లోన్ అయితే ఎవరు, ఎన్నేళ్లు కడతారు?
- మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది అందరికీ కనబడే చోట రాశారా?
- లెక్క రాసినవాళ్లే తనిఖీ చేస్తున్నారా, బయటివాళ్లు వస్తారా? వస్తారని పని మొదలవక ముందే అందరికీ తెలుసా?
- బిల్లు ఒక్కటే చూశారా, పని దగ్గరికి వెళ్లి కొలిచారా?
- ప్రశ్న అడిగినవాళ్ల పేరు బయటికి రాకుండా ఏర్పాటు ఉందా?
- డబ్బు ఇచ్చేవాళ్లు వెళ్లిపోతే ఈ పనిని ఏ చట్టం, ఏ బడ్జెట్ నడుపుతుంది?

ఈసారి మీ ఊళ్లో గ్రామసభ గానీ, వార్డు మీటింగ్ గానీ పెడితే వీటిలో కనీసం ఒక్కటైనా అడిగి చూడండి. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. జావాలో ఒక్కడు లేచి అడగలేకపోయిన ప్రశ్న, ముగ్గురు కలిస్తే అడగడం తేలిక.